రెండో గోలీ

ఫుట్‌బాల్ టీంలో గోలీకి ఒకటే చోటు. వింగ్‌లో ఆడేవాణ్ణి లోపలికి జరపొచ్చు, హాఫ్‌ని బ్యాక్‌గా దింపొచ్చు, చివరి పది నిమిషాలకు ఎవడో ఒకణ్ణి కాళ్ళు కదుపుకొని రమ్మని పంపొచ్చు. రెండో గోలీకి ఇవేవీ లేవు. మొదటి గోలీకి దెబ్బ తగలాలి. లేదంటే జ్వరం రావాలి. కనీసం వాళ్ళింట్లో పెళ్ళి మ్యాచ్ రోజే పడాలి. అప్పటిదాకా ట్రాక్‌సూట్ జిప్పు మెడ దాకా లాక్కుని బెంచి మీద కూర్చోవడమే. నా ఆటలో సగానికి పైగా అలా కూర్చునే గడిచింది. "మీరు గోల్‌కీపరట కదా, ఏయే టీముల మీద ఆడారు తాతా?" అని కాలనీ పిల్లలు అడుగుతుంటారు. ఆడినవాటి సంగతి కొంచెం తడుముకోవాలి గానీ, ఏయే మ్యాచుల్లో కూర్చున్నానో బాగా చెప్పగలను.

మాది లాలాగూడ. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కా నుంచి మెషిన్ ఆయిల్ వాసన పోయేది కాదు. మా క్వార్టర్స్ వెనక ఎర్రమొరం నేల. పొద్దున వర్క్‌షాపు సైరన్ కూసేలోపే ఆట మొదలయ్యేది. బూట్లున్నవాళ్ళు ముందు ఆడతారు, లేనివాడు గోలులో నిలబడతాడు. నేను గోలీనైంది అలా. తర్వాత్తర్వాత ఎవరైనా అడిగితే చిన్నప్పటి నుంచీ అదే కోరిక అని గొప్పగా చెప్పుకున్నాను. కోరికా లేదు పాడూ లేదు. బూట్లు లేవు, అంతే.

కోరిక పుట్టింది తంగరాజ్ వల్ల. పీటర్ తంగరాజ్ మా సికింద్రాబాద్ వైపు క్లబ్బుల్లో ఆడి, మిలిటరీలో చేరి, మద్రాస్ రెజిమెంటుకు ఆడి, 1956, 1960 ఒలింపిక్స్ రెండింటికీ వెళ్ళినవాడు. మొదట్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడేవాడట. నేను ఆయన ఆట చూసే వయసుకు ఆయన కలకత్తాలో ఉన్నాడు. అయినా మా వాడకట్టులో ప్రతి పెద్దమనిషీ ఆయనతో కలిసి చాయ్ తాగినవాడే. ఆరడుగులు దాటిన మనిషి, బంతిని ఒంటిచేత్తో సగం మైదానం దాకా విసిరేవాడని చెప్పేవాళ్ళు. ఎక్కడో పత్రికలో పడ్డ ఫొటో ఒకటి కత్తిరించి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. ఫొటోలో ఆయన ఎలా నిలబడ్డాడో ఇప్పుడు సరిగా గుర్తు లేదు. ఎలా నిలబడ్డాడో అలాగే నేనూ నిలబడాలని అద్దం ముందు తంటాలు పడ్డది మాత్రం గుర్తుంది. అద్దం చిన్నది. భుజాల దాకానే కనిపించేది.

ఆ వయసులో గోలీ అంటే ఎగరడం అనుకునేవాణ్ణి. నేరుగా పొట్ట మీదకొచ్చే బంతికి కూడా ఒక అడుగు పక్కకి జరిగి, మళ్ళీ దాని మీదకి ఎగిరి పట్టుకునేవాణ్ణి. గట్టు మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి కదా. మా ఉస్తాద్, ఒకప్పటి ఇండియా టీం కోచ్ రహీం సాబ్ దగ్గర ఆట నేర్చుకున్న కాలం మనిషి. సన్నగా, ఎప్పుడూ నోట్లో లవంగంతో ఉండేవాడు. నా విన్యాసాలు వారం రోజులు ఏమీ అనకుండా చూసి, ఒక సాయంత్రం దగ్గరకొచ్చి, "నువ్వు ఎగిరినవంటే నిలబడాల్సిన జాగల నిలబడలేదన్నట్టు" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయనకు ఆట తెలియదనుకున్నాను.

నిలబడాల్సిన చోటు ఎక్కడ? బంతి కదిలినప్పుడల్లా అది మారుతుంది. బంతికీ రెండు పోస్టులకీ మనసులో రెండు తాళ్ళు కట్టుకుని, ఆ తాళ్ళ మధ్యన నిలబడాలి. రెండడుగులు ముందుకొస్తే గోలు చిన్నదవుతుంది, నాలుగడుగులొస్తే నెత్తి మీద నుంచి పోతుంది. వెనక గోలు కనపడదు. మొరం నేల మీద మాకో ఉపాయం ఉండేది. ఆట మొదలయ్యే ముందు మడమతో ఆరు గజాల గీత దగ్గర గోలుకు సరిగ్గా నడిమధ్యన ఒక గీత గీసుకునేవాళ్ళం. కిందకి చూస్తే ఎక్కడున్నామో తెలుస్తుంది. రిఫరీ చూస్తే చివాట్లు. రెండో సగంలో వైపులు మారాక అవతలి గోలీ గీత మనకి పనికొచ్చేది. వాడు వంకరగా గీసుంటే మన ఖర్మ.

మొరం మీద పడితే తుంటి మీద చర్మం లేచిపోయేది. పుండు మానేలోపు మళ్ళీ అక్కడే పడేవాణ్ణి. రాత్రి లుంగీ దానికి అతుక్కుపోతే పొద్దున్నే అమ్మ చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు పోసి, నానబెట్టి, దారం దారంగా ఊడదీసేది. "గీ ఆట ఎవడు కనిపెట్టిండో గానీ వాని చేతులు పడిపోను" అని తిట్టేది. అమ్మా, వాడు చేతులతో కాదు కాళ్ళతో ఆడతాడంటే, "వాని కాళ్ళు గూడ" అనేది.

ఎనభైల మొదట్లో ఆటగాళ్ళ కోటాలో నాకొక డిపార్ట్‌మెంటులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. పేరు రాయను, ఇప్పుడు ఆ టీమూ లేదు. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసులో రిజిస్టర్లు, మధ్యాహ్నం మళ్ళీ గ్రౌండు. అక్కడా కోచ్ మా ఉస్తాదే. నాకంటే ముందు నుంచీ ఒక గోలీ ఉన్నాడు. అందరికీ ఆయన భాయ్. బర్కస్ మనిషి. బర్కస్ అంటే నిజాం దగ్గర సిపాయిలుగా పనిచేసిన అరబ్బుల వంశస్థుల బస్తీ, అక్కడ ఫుట్‌బాల్ ఆడని ఇల్లు తక్కువ. భాయ్ లోపలికొస్తే ముందు జిందా తిలిస్మాత్ వాసన వచ్చేది. తలనొప్పికీ, దగ్గుకీ, భుజం నొప్పికీ, చివరికి ఓడిపోయినా ఆయనకదే మందు. చూపుడు వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఆ వేలితో ఎవరినైనా చూపిస్తే పక్కవాడు లేచేవాడు.

రెండో గోలీ పని మొదటి గోలీకి బంతులు కొట్టడం. రోజూ మ్యాచుకు ముందు, ప్రాక్టీసు చివర, వంద తక్కువ కాకుండా. అలా కొట్టీ కొట్టీ ఆయన ఒళ్ళు నాకు కంఠతా వచ్చింది. ఎడమ మోకాలు పాత దెబ్బ వల్ల ఆలస్యంగా వంగుతుందని ఆయన పెళ్ళానికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. తెలిశాక నా బంతులన్నీ అటే పోయేవి. ఎడమవైపు, నేలబారుగా, పోస్టుకు ఆనుకుని. ఉస్తాద్ లాంటివాడు ఎవడైనా చూస్తాడు, ముసలాడు అయిపోయాడనుకుంటాడు అని నా ఆశ. కొన్ని వారాలయ్యాక భాయ్ బంతి పట్టుకుని లేచి, మట్టి దులుపుకుంటూ నా దగ్గరకొచ్చాడు. ఏదో అంటాడని గుండె దడదడలాడింది. "తమ్మీ, నా ఎడమ మోకాలు సంగతి నీకెర్కైంది. మంచిగైంది. రోజు గాడనే కొట్టు. బయటోడు కొట్టెలోపు నేను అది బాగు చేసుకోవాలె" అన్నాడు. వెళ్ళి మళ్ళీ గోలులో నిలబడ్డాడు. ఆ తర్వాత కుడివైపు కొట్టాలంటే నాకే చేత కాలేదు.

మా ఉస్తాద్ బస్సుల్లో, రైళ్ళలో చెప్పే కథ ఒకటుండేది. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్. లక్షమంది జనం మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు గోల చేస్తున్నారు. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోలులో దింపాడు. కొరియా మీద 2-1, బంగారు పతకం. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. ఆ మరుసటి ఏడాదే రహీం సాబ్ కాన్సర్‌తో పోయాడు. కథ ఇక్కడికొచ్చేసరికి ఉస్తాద్ గొంతు జీరబోయేది, లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మారేది. అందరూ తంగరాజ్ గురించి అడిగేవాళ్ళు. నాకు మాత్రం ప్రద్యుత్ బర్మన్ గుర్తొచ్చేవాడు. సెమీఫైనల్లో గోలు కాసింది అతనే. ఆడి, గెలిపించి, ఫైనల్ రోజు కూర్చున్నాడు. ఆ తొంభై నిమిషాలూ అతను ఏమనుకున్నాడు? చప్పట్లు కొట్టే ఉంటాడు. నేనూ కొట్టేవాణ్ణి. బెంచి మీద చప్పట్లు కొట్టడం కూడా ఒక విద్యే. మరీ గట్టిగా కొడితే నటన అంటారు, కొట్టకపోతే కుళ్ళు అంటారు.

1984. ఎన్టీఆర్‌ని గద్దె దింపి, నెల తిరిగేసరికి మళ్ళీ ఎక్కించిన సంవత్సరం. పేపర్ల నిండా అదే. ఆ ఏడాది పాతబస్తీలో ఎన్నిసార్లు కర్ఫ్యూ పెట్టారో ఇప్పుడు ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి. మాకు సికింద్రాబాద్ జింఖానాలో లీగ్ మ్యాచ్. మూసీకి ఇవతల దుకాణాలు తెరిచే ఉన్నాయి, బస్సులు నడుస్తున్నాయి, ఇరానీ హోటళ్ళలో చాయ్ పొగలు కక్కుతోంది. అవతల నుంచి ఎవరూ రావడానికి లేదు. భాయ్ ఇంట్లో ఫోను లేదు. మూడు గంటల దాకా చూసి, ఉస్తాద్ నా వైపు తిరిగి గడ్డం ఎగరేశాడు. అంతే, మాట కూడా లేదు.

జెర్సీ వేసుకుంటుంటే నా చేతులు వణికాయి, భయంతో కాదు. ఊళ్ళో ఇళ్ళు తగలబడుతున్నాయని తెలుసు. భాయ్ వాళ్ళ గల్లీ ఎలా ఉందో తెలియదు. అయినా నా కడుపులో దీపావళి. దాన్ని ఇంకో మాటతో చెప్పలేను.

మ్యాచులో ఏం జరిగిందంటే, చాలా భాగం పోయింది. గెలిచామో డ్రా అయిందో కూడా గట్టిగా చెప్పలేను. పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి, ఆ కటింగ్ ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. మొదటి పావుగంట నేను నోరు విప్పలేదన్నది మాత్రం నిన్నటిలా ఉంది. గోలీకి సగం పని నోటితోనే. మైదానం మొత్తం ముఖం వైపు నుంచి కనిపించేది వాడొక్కడికే. వెనక మనిషి వస్తున్నాడని, ఎడమవైపు ఖాళీ ఉందని, బంతి నాదని వాడే అరవాలి. రోజూ బెంచి మీద కూర్చుని లోలోపల అరిచీ అరిచీ, తీరా లోపలికొచ్చాక గొంతు రాలేదు. ఒక కార్నర్ మా స్టాపర్ నెత్తికి తగిలి కొద్దిలో తప్పింది. వాడు వెనక్కి తిరిగి, "అరే, మూగోణ్ణి పెట్టిండ్రా ఇయ్యాల?" అన్నాడు. తర్వాతి క్రాస్‌కి "కీపర్!" అని అరిచిన అరుపుకి జింఖానా చెట్ల మీద పిట్టలు లేచాయని మావాళ్ళు చాలాకాలం ఏడిపించారు. ఆ బంతిని రెండు పిడికిళ్ళతో గుద్దాను. అది మెడలు, మోచేతులు, చెమట వాసనల మీదుగా ఎగిరి సైడ్‌లైన్ దాటింది. చేతి కణుపులకు తగిలిన ఆ దెబ్బ తలుచుకుంటే ఇప్పటికీ సమ్మగా ఉంటుంది.

కర్ఫ్యూ ఇంకా కొన్ని రోజులు సాగింది. నేను ఇంకో మ్యాచ్ ఆడాను. పొద్దున్నే పేపర్ తీసి కర్ఫ్యూ సడలింపు వార్త కోసం వెతికేవాణ్ణి. నాన్న అది చూసి, పాపం స్నేహితుడి కోసం ఎంత ఆరాటపడుతున్నాడోనని అమ్మతో అన్నాడు. నేను వెతికింది సడలించలేదన్న కబురు కోసం.

భాయ్ వచ్చిన రోజు బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. "ఎట్ల ఆడినవ్?" అని ముందు ఆయనే అడిగాడు. పరవాలేదన్నాను. మీ ఇంటి దగ్గర ఎట్లుంది భాయ్ అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ట్రాక్‌సూట్ వేసుకుని బెంచి మీద నా చోట్లో కూర్చున్నాను.

ఆ రోజుల్లో చేతి తొడుగులు దొరికేవి కావు, దొరికినా మా జీతాలకి అందేవి కావు. నూలు గ్లౌజులు కొని, టేబుల్ టెన్నిస్ బ్యాటు మీది బొడిపెల రబ్బరు ఊడబెరికి, అరచేతికి సొల్యూషన్‌తో అంటించేవాణ్ణి. ఆఫీసు రిక్రియేషన్ రూములో బ్యాట్లు బోడిగా ఎందుకు తయారవుతున్నాయో సెక్రటరీకి చివరి దాకా అంతు చిక్కలేదు. జనం కూడా అప్పటికే తగ్గుతున్నారు. 1983లో కపిల్ దేవ్ కప్పు ఎత్తాక మా మొరం నేల మీద పిల్లలు ఇటుకల మధ్య గోలు కాకుండా ఇటుకలనే వికెట్లుగా నిలబెట్టడం మొదలుపెట్టారు.

గోలీలకి వయసు ఆలస్యంగా వస్తుందంటారు. 1982లో ఇటలీ గోలీ డీనో జోఫ్ నలభై ఏళ్ళ వయసులో ప్రపంచ కప్ అందుకున్న ఫొటో పేపర్లో చూసి నేను తెగ సంబరపడ్డాను, ఇంకా బోలెడు టైముందని. అదే ఫొటో భాయ్ కూడా చూశాడన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఆయన ఆగలేదు. నేను ఎదురుచూశాను. ఆయన మోకాలు నిజంగానే బాగుపడింది, నా పుణ్యాన.

పెనాల్టీ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. గోలు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. కొట్టేవాడు 12 గజాల దూరంలో. బంతి కాలు వదిలాక అర సెకను కూడా ఉండదు, చూసి దూకుదామంటే కుదరదు. మా కాలంలో తన్నేదాకా పాదాలు కదపడానికి కూడా లేదు. అందరం ఏదో ఒక వైపు దూకేసేవాళ్ళం. మొన్నామధ్య మా మేనల్లుడు ఫోనులో ఒక పరిశోధన చూపించాడు. 2007లో ఇజ్రాయెల్ వాళ్ళు 286 పెనాల్టీలు లెక్క తీశారట. గోలీలు కదలకుండా మధ్యలో నిలబడింది నూటికి 6 సార్లే. బంతి మధ్యకి వచ్చింది మాత్రం నూటికి 28కి పైనే. నిలబడి ఉంటే ఎక్కువ బంతులు ఆగేవని వాళ్ళు తేల్చారు. నాకు నవ్వొచ్చింది. దూకి గోలు పోతే "పాపం, ప్రయత్నం చేశాడు" అంటారు. నిలబడి ఉండగా పక్కనుంచి పోతే "గాడిద కొడుకు, చేతులు కట్టుకుని చూశాడు" అంటారు. ప్రొఫెసర్లు గోలు వెనక గట్టు మీద కూర్చున్నట్టు లేరు.

తొంభైల్లోకి అడుగుపెట్టేలోపే నా వేళ్ళు మొండికేశాయి. 1992లో రూలు మారింది. మనవాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టుకోకూడదు. భాయ్ అప్పటికి కుర్రాళ్ళకి నేర్పుతున్నాడు. ఆయన బూట్ల ముక్కులు ఎప్పుడూ కొత్తగా ఉండేవి, అంత తక్కువగా తన్నేవాడు. ఆ వార్త విని, "మంచిగ జరుకున్నం తమ్మీ" అన్నాడు.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ఫైనల్‌కొచ్చింది. గోవాలో మ్యాచ్. కలిసి చూద్దాం రమ్మని భాయ్ కబురు పెట్టాడు. బర్కస్‌లో ఆయన ముందు గదిలో మనవలంతా పసుపు చొక్కాలు. జిందా తిలిస్మాత్ వాసన అలాగే ఉంది. కేరళ మీద 1-1, పెనాల్టీల దాకా వెళ్ళింది. మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు. పిల్లలు మంచాలెక్కి ఎగురుతున్నారు. భాయ్ మాత్రం టీవీకి దగ్గరగా జరిగి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నవ్ భాయ్?"

"మనోళ్ళ రెండో గోలీ ఏడున్నడు? కెమెరావాడు ఒక్కపారి గూడ చూపిస్తలేడు."

ఇద్దరం వెతికాం. అందరూ మైదానంలోకి ఉరికేశారు, ఎవరు ఎవరో తెలియలేదు. నేను కర్ఫ్యూ సంగతి ఎత్తుదామా అనుకున్నాను. ఎత్తలేదు. ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. నేను చేరకముందు ఆ టీంలో ఆయన రెండో గోలీ అట. ఆ మాట నాకు అన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మొదటి గోలీ వాళ్ళ బస్తీవాడే, దోస్తు. బస్తీలో సగంమంది సౌదీ పోతున్న రోజులు. వాడికీ వీసా వచ్చింది. పిల్లలు చిన్నవాళ్ళు, పెళ్ళాం ఏడుస్తోంది, వాడు ఏడుస్తున్నాడు.

"నేను బొంబాయి దాక పోయి విమానం ఎక్కించి వచ్చిన. వచ్చినంక గల్లీల మిఠాయి పంచిన."

"ఎందుకని అడగలేదా ఎవరూ?"

"అడిగిండ్రు. దోస్తుకు నౌకరీ వచ్చిందని చెప్పిన."

"ఆయనకి తెలుసా?"

"తెల్వకుండెట్లుంటది? వాడూ గోలీయే గదా. జెద్దా నుంచి ఉత్తరం రాసిండు, మిఠాయిల నా హిస్సా ఏదిరా అని."

పంపించావా అని అడిగేలోపు కప్పు ఇస్తున్నారని పిల్లలు కేకేశారు. భాయ్ ఆ వంకర వేలితోనే రిమోట్ నొక్కి సౌండు పెంచాడు.